వేలిముద్రకూ వేతనానికీ మధ్య

వేరుశనగనే నమ్ముకున్న అనంతపురం పీఠభూమిలో సాలీనా సగటు వర్షపాతం సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే కావడం వల్ల, వాన అదను తప్పిన ఏడాది కల్యాణదుర్గం, రాయదుర్గం, ఉరవకొండ వంటి ప్రాంతాల్లోని మెట్ట కుటుంబాలు ఉపాధి హామీ కూలి మీద, పింఛను మీద, పంట నష్టపరిహారం మీద ఆధారపడవలసి వస్తుంది. ఈ డబ్బు ఖాతాలో పడటం ఒక ఎత్తయితే, అది చేతికి అందడం మరో ఎత్తు. ఆ రెండింటి నడుమ నిలిచే చిన్న పరికరమే పాయింట్ ఆఫ్ సేల్ యంత్రం. పట్టణపు దుకాణంలో దీన్ని స్వైపింగ్ మిషన్ అనీ, చౌక దుకాణంలో ఈ-పాస్ మిషన్ అనీ పిలుస్తారు; పల్లెలో బ్యాంకు తరఫున పనిచేసే బ్యాంకు మిత్ర చేతిలో ఉండే వేలిముద్రల మిషన్‌ను బ్యాంకులవారు మైక్రో ఏటీఎం అంటారు. పేర్లు ఎన్నయినా పని ఒక్కటే: ఎదుట నిలిచిన మనిషి ఎవరో తేల్చుకుని, అతని వివరాలు ఉన్న కేంద్రాన్ని అడిగి, జవాబు తెచ్చి ఇవ్వడం.

ఆ జవాబు రావడానికి పట్టే సమయం యంత్రం ఒక్కదాని చేతిలో లేదు. కార్డు గీకిన వెంటనే సందేశం యంత్రంలోని సిమ్ ద్వారా దుకాణదారుకు ఆ మిషన్ ఇచ్చిన బ్యాంకుకు చేరి, అక్కడి నుంచి బ్యాంకులన్నిటినీ కలిపే స్విచ్ అనే కేంద్ర వ్యవస్థ గుండా ఖాతాదారుని బ్యాంకుకు వెళ్లి, నిల్వ సరిచూసుకుని, వచ్చిన దారినే తిరిగి వస్తుంది. వేలిముద్రతో జరిగే చెల్లింపులో దీనికి తోడు ఆధార్ సంస్థ కేంద్ర భాండాగారంతో ముద్రను పోల్చి చూసే దశ కూడా చేరుతుంది. ఇన్ని మజిలీల్లో ఏ ఒక్కటి మందగించినా, మిషన్ ఎంత కొత్తదైనా తెర మీద గడియారం గుర్తు తిరుగుతూనే ఉంటుంది.

యంత్రాలను మెరుగుపరిస్తే చెల్లింపులు నిజంగా వేగవంతమవుతాయా అన్న ప్రశ్నకు ఈ జిల్లా నేలమీదే దొరికిన సమాధానం ఒకటి ఉంది. ఉపాధి కూలి, పింఛన్లను వేలిముద్రల స్మార్ట్‌కార్డులతో చెల్లించే పథకం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆరంభమైనప్పుడు, మొదట పని తీసుకున్న బ్యాంకులు ముందుకు సాగని ఎనిమిది జిల్లాలను ప్రభుత్వం 2010లో వేరే బ్యాంకులకు కొత్తగా అప్పగించింది; వాటిలో అనంతపురం ఒకటి. కార్తీక్ మురళీధరన్, పాల్ నీహాస్, సందీప్ సుఖ్తంకర్ అనే ఆర్థికవేత్తలు ఆ జిల్లాల్లోని 157 మండలాల్లో ఈ మార్పును లాటరీ పద్ధతిన ముందు వెనుకలుగా ప్రవేశపెట్టేలా చూసి, ఫలితాలను కొలిచి, 2016లో ప్రచురించారు. అంతకు ముందు కూలీలు పోస్టాఫీసుకు వెళ్లి డబ్బు తెచ్చుకునేవారు. కొత్త పద్ధతిలో అదే ఊరి మహిళ ఒకరు మిషన్‌తో కూర్చుని, కార్డు పెట్టించి, వేలు ఒత్తించి, నోట్లు లెక్కపెట్టి ఇచ్చి, రసీదు చేతిలో పెట్టేది; చదువురానివారి కోసం కొన్ని మిషన్లు ఎంత సొమ్ము ఇచ్చిందీ తెలుగులో పైకి చదివి వినిపించేవి.

కూలి తీసుకోవడానికి పట్టే సమయం ఒక్కో విడతకు సుమారు 22 నిమిషాలు తగ్గిందని, పని చేసిన తర్వాత డబ్బు అందడంలో జాప్యం ఆరు నుంచి పది రోజుల వరకు తగ్గిందని, మధ్యలో కాజేసే సొమ్ము 41 శాతం మేర తగ్గిందని ఆ అధ్యయనం తేల్చింది. అంతకంటే ఆలోచించవలసిన విషయం మరొకటి ఉంది. స్మార్ట్‌కార్డు పద్ధతికి మారిన ఊళ్లలో కార్డు లేనివారికి కూడా డబ్బు త్వరగానే అందింది. దొంగ లెక్కలు తగ్గింది మాత్రం కార్డు ఉన్నవారి విషయంలోనే. అంటే వేలిముద్ర మోసాన్ని అరికట్టింది. వేగాన్ని తెచ్చింది చెల్లింపు వ్యవస్థ ఊరి ముంగిటికి కదిలి రావడం. కొత్త మిషన్ల కొనుగోలునే ఆధునికీకరణగా భావించే అధికారులు ఈ తేడాను గుర్తుపెట్టుకోవాలి.

స్మార్ట్‌కార్డు చిప్‌లోనే వేలిముద్ర ఉండేది కనుక దాన్ని మిషన్ అక్కడికక్కడే పోల్చుకోగలిగేది. ఆ తర్వాత వచ్చిన ఆధార్ పద్ధతిలో కార్డు మోసే పని తప్పింది, ఏ బ్యాంకు ఖాతాదారుడైనా ఏ బ్యాంకు మిత్ర వద్దనైనా డబ్బు తీసుకునే వీలు కలిగింది. కానీ ప్రతి ముద్రనూ దూరాన ఉన్న కేంద్రానికి పంపక తప్పదు కనుక సిగ్నల్ లేని చోట పని ఆగిపోతుంది. రాష్ట్రంలో 2015 నుంచి చౌక దుకాణాల్లో ఈ-పాస్ వచ్చాక, మిషన్‌ను వీధిలోకో మిద్దె మీదికో పట్టుకుపోయి సిగ్నల్ వెతకడం పల్లెల్లో మామూలైపోయింది. రెండు సిమ్‌లు పట్టే, 4జీ అందుకునే యంత్రాలు ఇటువంటి చోటే అసలైన మేలు చేస్తాయి.

రెండో చిక్కు వేళ్లది. కొడవలి పట్టి, రాళ్లు ఎత్తి, వేరుశనగ కాయలు ఒలిచి అరిగిపోయిన వేళ్లపై గీతలు సరిగా పడవు; వృద్ధుల చర్మం పొడిబారి ముద్ర మసకబారుతుంది. వేలు తుడిచి, తడిచేసి, మరో వేలు మార్చి నాలుగైదుసార్లు ప్రయత్నించే ఈ తంతులో పోయే కాలం ముందు బ్యాంకు సర్వర్ జాప్యం లెక్కలోకి రాదు. ఇప్పుడు ఎల్-0 రకం స్కానర్ల స్థానంలో ఎల్-1 రకం వస్తున్నాయి: పాతవాటిలో ముద్రను రహస్య సంకేతాలుగా మార్చే పని సాఫ్ట్‌వేర్ చేస్తే, కొత్తవాటిలో పరికరం లోపలి సురక్షిత భాగంలోనే అది జరిగిపోతుంది. అచ్చుపోసిన నకిలీ వేలిని పసిగట్టే సాంకేతికతను ఆధార్ సంస్థ 2023 ఫిబ్రవరిలో ప్రకటించింది. ఇవి భద్రతకు అవసరమే. అయితే అరిగిన వేలికి ఇవి మాత్రమే చాలవు. కంటిపాపను లేదా ముఖాన్ని గుర్తించే ఏర్పాటు ప్రతి చోటా ఉండి తీరాలి.

పట్టణ దుకాణాల్లో మార్పు తేలికగానే సాగింది. చిప్ కార్డును తాకిస్తే చాలు, పిన్ లేకుండా చెల్లించే పరిమితిని రిజర్వు బ్యాంకు 2021 జనవరి 1 నుంచి 2,000 నుంచి 5,000 రూపాయలకు పెంచింది. చిన్న ఊళ్లలో మిషన్లు పెట్టడానికి సాయపడే ప్రత్యేక నిధి కూడా అదే రోజు మొదలైంది.

ఎంత మెరుగుపరిచినా కొన్ని లావాదేవీలు మధ్యలో తెగిపోతాయి: ఖాతాలో సొమ్ము కోత పడుతుంది, మిషన్ మాత్రం విఫలమైందంటుంది. కూలి డబ్బుతో ఇల్లు గడిపేవారికి ఇది చిన్న నష్టం కాదు. ఇటువంటి కోతను, అది కార్డు చెల్లింపైనా ఆధార్ చెల్లింపైనా, లావాదేవీ జరిగిన రోజు తర్వాత ఐదు రోజుల్లోగా తిరిగి జమ చేయాలని, గడువు దాటితే రోజుకు 100 రూపాయల చొప్పున పరిహారం ఇవ్వాలని రిజర్వు బ్యాంకు 2019 సెప్టెంబరులో ఆదేశించింది. ఈ పరిహారం ఖాతాదారు అడగకుండానే బ్యాంకు జమచేయాలి. అయినా విఫలమైన లావాదేవీకి సైతం రసీదు అడిగి తీసుకుని, డబ్బు తిరిగి వచ్చేదాకా దాన్ని భద్రపరచుకోవడం ప్రతి ఖాతాదారూ చేయవలసిన పని.