నడుం నొప్పికి ఇంజక్షన్ ఒక్కటే వైద్యమా?

కొండను వీపున మోసిన తాబేలుకు గుడి ఉన్న ఊరు శ్రీకూర్మం. ఆ చుట్టుపక్కల పల్లెల్లో ధాన్యం బస్తాలు, ఇటుకలు, మట్టి తట్టలు మోసే నడుములకు మాత్రం దగ్గర్లో దొరికే వైద్యం ఆర్‌ఎంపీ ఇంజక్షనే. ఉభాల కాలంలో పొద్దస్తమానం వంగి నాట్లు వేసేది మన ఆడవాళ్లు. విశాఖ, హైదరాబాద్, చెన్నైలకు భవనాల పనికి వలసపోయేది మన కుర్రాళ్లు. చేతిలో భూమి లేక చేసే పని ఇది. ఆ పని మిగిల్చే నొప్పిని ‘వయసు మీద పడింది’ అని సరిపెట్టుకోలేం. దీనికి ఏ వైద్యం ఉంది, ఏది ప్రమాదం అన్నది మనం తెలుసుకోవాలి.

ఎప్పుడు భయపడాలి?

మూడు నెలలు దాటినా తగ్గని నొప్పిని దీర్ఘకాలిక నొప్పి అంటారు. 2020లో ప్రపంచంలో 61.9 కోట్ల మందికి నడుం నొప్పి ఉందని అంచనా. దాదాపు 90 శాతం మందిలో ఫలానా ఎముక వల్ల, ఫలానా డిస్క్ వల్ల అని ఒకే కారణం చూపలేరు. అంతమాత్రాన నొప్పి అబద్ధమని కాదు. ఏ నొప్పీ లేనివాళ్లకు స్కాన్ తీసినా డిస్క్ ఉబ్బినట్టు కనిపించవచ్చు. అందుకే అందరికీ ఎంఆర్‌ఐ అక్కర్లేదు.

అయితే కొన్ని లక్షణాలు కనిపిస్తే ఒక్కరోజు కూడా ఆగకూడదు. మూత్రం ఆగిపోవడం, మలమూత్రాల మీద పట్టు తప్పడం, తొడల మధ్య తిమ్మిరి, కాలిలో బలం తగ్గడం, ఎత్తు నుంచి పడ్డాక వచ్చిన నొప్పి ఉంటే వెంటనే పెద్దాసుపత్రికి వెళ్లాలి. నొప్పితో పాటు జ్వరం, బరువు తగ్గడం ఉంటే వెన్నుపూస క్షయ కావచ్చు. దానికి ప్రభుత్వాసుపత్రుల్లో ఉచితంగా మందులిస్తారు.

సూదిలో ఏముంది?

ఆర్‌ఎంపీ వేసే ఇంజక్షన్‌లో సాధారణంగా ఉండేది డైక్లోఫెనాక్. కొన్నిసార్లు స్టెరాయిడ్ కూడా కలుపుతారు. సాయంత్రానికి నొప్పి తగ్గుతుంది, పొద్దున్నే పనికి పోవచ్చు. కూలి పోగొట్టుకోలేని మనిషికి అది చిన్న విషయం కాదు. అయితే ఇలాంటి నొప్పి మందులు కిడ్నీలకు రక్తం అందించే నాళాలను కుదిస్తాయి. ఎండలో చెమట కారి, ఒంట్లో నీరు తగ్గి ఉన్నప్పుడు ఆ దెబ్బ ఇంకా గట్టిగా తగులుతుంది. కడుపులో పుండ్లు పడటం, బీపీ పెరగడం కూడా ఉంటాయి. స్టెరాయిడ్ పదేపదే వాడితే షుగర్ పెరుగుతుంది, ఎముకలు గుల్లబారతాయి.

మన జిల్లాలో ఈ మాటకు బరువు ఎక్కువ. ఉత్తరాన కవిటి, సోంపేట, కంచిలి, పలాస వైపు ఉద్దానం పల్లెల్లో కిడ్నీ జబ్బు ఎందరి ప్రాణాలు తీసిందో మనకు తెలుసు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం తెరిచారు. ఉద్దానం జబ్బుకు నొప్పి మాత్రలే కారణమని ఎవరూ తేల్చలేదు. కానీ అప్పటికే బలహీనపడ్డ కిడ్నీని అవి మరింత పాడుచేస్తాయనడంలో సందేహం లేదు. మందే వద్దని మేం చెప్పడం లేదు. డాక్టర్ రాస్తే, తక్కువ మోతాదులో, తక్కువ రోజులు వాడాలి. ముందుగా సీరం క్రియాటినిన్ రక్త పరీక్ష చేయించుకోవాలి.

గర్భసంచి మీద నింద

ఆడవాళ్ల నడుం నొప్పికి గర్భసంచి తీయించుకోమనడం మన దగ్గర కొత్త కాదు. 2015–16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15–49 ఏళ్ల మహిళల్లో గర్భసంచి తీయించుకున్నవారు దేశంలో 3.2 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం. బిహార్, ఛత్తీస్‌గఢ్, రాజస్థాన్‌లలో అనవసరంగా చేసిన ఇలాంటి ఆపరేషన్ల కేసులో, వీటిని అరికట్టే మార్గదర్శకాలను మూడు నెలల్లో అమల్లోకి తేవాలని 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు రాష్ట్రాలన్నిటినీ ఆదేశించింది. ఆ బాధితుల్లో ఎక్కువమంది ఎస్సీ, ఎస్టీ, బీసీ మహిళలే. ఒక్క నడుం నొప్పి కారణంగా గర్భసంచి తీయాలని ఎవరైనా అంటే, రెండో డాక్టర్‌ను అడగకుండా సంతకం పెట్టకండి.

మరి ఏది పనిచేస్తుంది?

2023 డిసెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీర్ఘకాలిక నడుం నొప్పిపై మార్గదర్శకాలు విడుదల చేసింది. నొప్పి గురించి రోగికి వివరంగా చెప్పడం, వ్యాయామం, మర్దన, మానసిక చికిత్స, అవసరమైతే కొన్నాళ్లు నొప్పి మందు ఉపయోగపడతాయని చెప్పింది. నడుం బెల్టులు, నడుం లాగే ట్రాక్షన్, నల్లమందు జాతి మాత్రలు మామూలుగా వాడవద్దంది. రోజుల తరబడి మంచం మీద పడుకోవడం కూడా మంచిది కాదు. డిస్క్ నరాన్ని నొక్కి కాలు బలం తగ్గుతున్నప్పుడు, లేదా కాలిలోకి పాకే నొప్పి ఎంతకీ తగ్గనప్పుడు ఆపరేషన్ ఆలోచిస్తారు.

‘రోజంతా పనే చేస్తున్నాం, మళ్లీ వ్యాయామమా?’ అన్నది న్యాయమైన ప్రశ్నే. పనిలో నడుం ఒకే వైపు వంగి, ఒకే బరువు మోస్తుంది. ఫిజియోథెరపిస్టు నేర్పే వ్యాయామం పొట్ట, వీపు, తొడ కండరాలకు కొద్దికొద్దిగా బలమిస్తుంది. దాని ఫలితం తెలియడానికి వారాలు పడుతుంది. చిక్కంతా అక్కడే. ఆపరేషన్ అంటే ఆరోగ్యశ్రీ కార్డు గుర్తొస్తుంది. ఫిజియోథెరపీకి వారానికి రెండుసార్లు శ్రీకాకుళం పోతే పోయే కూలిని ఏ కార్డూ కట్టదు.

అడగాల్సినవి

వృద్ధుల కోసం 2010లో మొదలైన జాతీయ ఆరోగ్య కార్యక్రమంలో సీహెచ్‌సీ స్థాయిలోనే ఫిజియోథెరపీ సేవలు ఉన్నాయి. వాటిని వయసుతో పని లేకుండా కూలీలందరికీ ఇవ్వాలని, నెలలో కొన్ని రోజులైనా ఫిజియోథెరపిస్టు పల్లెకు రావాలని అడుగుదాం. నొప్పి మందులు వాడుతున్నవారికి పీహెచ్‌సీలో క్రియాటినిన్ పరీక్ష చేయమందాం.

అసలు మోత సంగతి కూడా అడగాలి. ఒక మగ కార్మికుడు మోసే బరువు 55 కిలోలు దాటకూడదని, ఆడవాళ్లకు అంతకన్నా బాగా తక్కువ ఉండాలని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1967లోనే సిఫారసు చేసింది. మన దగ్గర ధాన్యం బస్తా 75, 80 కిలోలు. బస్తా బరువు తగ్గించడం కూడా నడుం నొప్పికి వైద్యమే. ఆ చీటీ రాయాల్సింది డాక్టర్ కాదు, ప్రభుత్వం.