గుట్టను గుట్టగానే ఉంచాలి

గుహలు చూడాలంటే బెలూం, బొర్రా. లోయ చూడాలంటే గండికోట. మాదాపూర్, గచ్చిబౌలి ఆఫీసుల నుంచి శుక్రవారం రాత్రి బయల్దేరే కార్లు ఎక్కువగా పట్టే దారులివి. వెళ్లవలసిన చోట్లే, అనుమానం లేదు. కానీ ఆ ఆఫీసుల అద్దాల్లోంచి కనిపించే ఖాజాగూడ గుట్టలోనూ, దుర్గం చెరువు పక్క బండల్లోనూ గుహలున్నాయి, మనిషి పక్కకు తిరిగితే తప్ప పట్టని సందులున్నాయి. వాటిని చూడటానికి వెళ్లేవాళ్లు తక్కువ, అవి గుహలని ఒప్పుకునేవాళ్లు ఇంకా తక్కువ. బెలూం పుట్టిన తీరు వేరు, ఖాజాగూడ గుహలు పుట్టిన తీరు వేరు. ఆ తేడా అర్థమైతే సైబరాబాద్‌లో మిగిలిన రాళ్లను ఒక్కొక్కటిగా ఎందుకు కాపాడలేమో, గుట్ట మొత్తాన్ని ఒక ప్రకృతి ఉద్యానంగా ఎందుకు చూడాలో కూడా తెలుస్తుంది.

సున్నపురాయి గుహను నీళ్లు తొలుస్తాయి. వాన నీరు గాలిలోంచి, మట్టిలోంచి కార్బన్ డయాక్సైడ్‌ను కలుపుకొని కాస్త పులుపెక్కుతుంది. ఆ నీరు పగుళ్లలో దిగి రాయిని కరిగించుకుంటూ పోతుంది. నంద్యాల జిల్లా కొలిమిగుండ్ల మండలంలోని బెలూం గుహలు అలా ఏర్పడ్డవే. భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్ 1884లో వాటి గురించి రాశారు. ఆ తర్వాత దాదాపు నూరేళ్లకు, 1982–83లో డేనియల్ గెబావర్ నాయకత్వంలో వచ్చిన జర్మన్ బృందం లోపల పాకి, కొలిచి, పటం గీసింది. మొత్తం పొడవు 3,229 మీటర్లని తేలింది. 2002లో సందర్శకులను అనుమతించారు. ఇక్కడ గుహ అంటే రాయిలో తొలిచిన ఖాళీ. పైన పొలం దున్నుతున్నా కింద గుహ ఉంటుంది.

హైదరాబాద్ గ్రానైట్ అలా కరగదు. సుమారు 250 కోట్ల ఏళ్ల కింద భూమి లోపల కిలోమీటర్ల లోతున చల్లారి గట్టిపడిన రాయి ఇది. పైనున్న పొరలు యుగాల తరబడి అరిగి కొట్టుకుపోతుంటే దాని మీద బరువు తగ్గింది. బరువు తగ్గిన రాయి వ్యాకోచించి పగులుతుంది. కొన్ని పగుళ్లు నేలకు సమాంతరంగా, కొన్ని నిలువుగా, అడ్డంగా సాగి రాతిని పెద్ద పెద్ద దిమ్మెలుగా విడగొట్టాయి. ఇదంతా మట్టి కిందే జరిగింది. ఆ పగుళ్లలోకి నీరు చేరి రాతిలోని ఫెల్డ్‌స్పార్‌ను మెల్లగా బంకమన్నుగా మార్చింది. దిమ్మె మూలకు మూడు వైపుల నుంచీ నీరు తగులుతుంది, మధ్య భాగానికి ఒక్క వైపు నుంచే. వానకు తడిసిన బెల్లం అచ్చు అంచులు ముందు పోయినట్టు మూలలు ముందు చివికి మొరంగా మారాయి, నడుమ గట్టి గుండు మిగిలింది. ఆ తర్వాత వానలు మొరాన్ని కడిగేశాయి. లోపల గుండ్రబడిన గుండ్లు ఎక్కడివక్కడ, ఒకదాని మీద ఒకటిగా బయటపడ్డాయి. ఎవరో పేర్చినట్టు కనిపించే ఈ రాళ్లను ఎవరూ పేర్చలేదు, చాలామటుకు అవి దొర్లి వచ్చినవీ కావు. చుట్టూ ఉన్నది పోగా నిలిచినవి.

గుహ పుట్టేది ఇక్కడే. మొరం కొట్టుకుపోయిన చోట గుండ్ల మధ్య ఖాళీ మిగులుతుంది. పెద్ద బండ రెండు గుండ్ల మీద ఆనితే దాని కింద గది ఏర్పడుతుంది. నిలువు పగులు వెడల్పైతే నడవా అవుతుంది. అంటే గ్రానైట్ గుహకు సొంత గోడలు లేవు. ఇటు గుండు, అటు గుండు, పైన బండ, ఈ మూడూ కలిస్తేనే గుహ. ఒక్క గుండును మందు పెట్టి పేల్చినా, కింద ఆసరాగా ఉన్న మొరాన్ని జేసీబీతో తవ్వినా గుహ ఉండదు. మిగిలినవి చెక్కుచెదరకుండా ఉన్నా సరే.

ఈ ఖాళీలను మనుషులు ఎప్పుడో గుర్తించారు. ఖాజాగూడలో ఫక్రుద్దీన్ గుట్ట మీద దర్గా ఉంది, అనంత పద్మనాభస్వామి గుడి ఉంది, మెహెర్ బాబా ధ్యానం చేశారని చెప్పుకునే గుహ ఉంది. ఒకే గుట్ట రాళ్ల నీడ ఇన్ని సంప్రదాయాలకు చోటిచ్చింది. రాళ్లెక్కే యువతకు ఇదే సాధన స్థలం. రాతి అరుగుల మీదే గుడ్లు పెట్టే పెద్ద గుడ్లగూబకు, సంతానకాలంలో ఒంటి రంగు మార్చుకునే రాతి తొండకు ఈ నెర్రెలే ఇళ్లు. నీటి సంగతీ అంతే. బండల మీద పడిన వాన పగుళ్లలోంచి దిగి పల్లానికి చేరుతుంది. కుతుబ్‌షాహీల కాలంలో గోల్కొండ కోటకు తాగునీరిచ్చిన దుర్గం చెరువు ఇలాంటి గుట్టల నడుమ నిలిచిన నీరే.

ఈ రాళ్ల విలువను నగరం గుర్తించలేదనడం న్యాయం కాదు. 1996లోనే ఇక్కడ సొసైటీ టు సేవ్ రాక్స్ ఏర్పడింది. నగరాభివృద్ధి సంస్థ హుడా తెచ్చిన వారసత్వ నిబంధన కింద భవనాలతో పాటు తొమ్మిది శిలా సమూహాలను జాబితాకెక్కించారు. దుర్గం చెరువు చుట్టూ గుట్టలు, హైదరాబాద్ విశ్వవిద్యాలయం ఆవరణలోని పుట్టగొడుగు రాయి వాటిలో ఉన్నాయి. భవనాలతో సమానంగా రాళ్లకు రక్షణ కల్పించడం ఆ రోజుల్లో సాహసమే. అయితే ఆ జాబితాలో ఎక్కువ పేర్లు ఒంటరి రాళ్లవి, అంటే చూడగానే ఫొటో తీయాలనిపించే ఆకారాలవి. పుట్టగొడుగులాంటి రాయిని జాబితాలో పెట్టడం తేలిక. మూడు గుండ్ల మధ్య చీకటిని జాబితాలో పెట్టడం కష్టం. పైగా ఆ నిబంధననే 2015లో తొలగించారు, 2017లో కొత్త వారసత్వ చట్టం వచ్చింది. 2025 వసంతంలో కంచ గచ్చిబౌలిలో 400 ఎకరాల మీద బుల్‌డోజర్లు దిగినప్పుడు ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు ఆపమనేదాకా జరిగిన గొడవలోనూ చెట్ల గురించి, జింకల గురించి, నెమళ్ల గురించి విన్నంత రాళ్ల గురించి వినలేదు. చెట్టు మళ్లీ నాటవచ్చు. గుండ్ల వరసను మళ్లీ నిలబెట్టే విద్య ఎవరి దగ్గరా లేదు.

ఇవి అసలు గుహలేనా, నాలుగు రాళ్ల సందుకు ఇంత పేరెందుకు అని అడగవచ్చు. స్వీడన్‌లోని బోడా గుహలు గ్రానైట్ తరహా గట్టి రాతి పగుళ్లలోనే రెండు కిలోమీటర్లకు పైగా సాగుతాయి. ఖాజాగూడలో అంత పొడవు ఉందని నేను అనను. పొడవు కొలబద్ద కాకూడదన్నదే నా మాట. బెలూం నీటి పనిని చూపిస్తుంది. ఖాజాగూడ ఒక కొండ ఎలా విడిపోతుందో చూపిస్తుంది. అదీ బస్సు దిగి నడిచి వెళ్లేంత దగ్గర్లో.

ఇంతకంటే బలమైన అభ్యంతరం భూమిది. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైనప్పటి నుంచి ఈ ప్రాంతం లక్షల కుటుంబాలకు బతుకుతెరువైంది. గుట్టలను కదపకుండా ఇదంతా వచ్చేది కాదన్న మాటలో నిజముంది. దాన్ని తోసిపుచ్చను. కానీ కదపవలసినవి చాలావరకు ఇప్పటికే కదిపాం, కంకర చేసి రోడ్ల కింద పరిచాం. కొద్దిగా మిగిలిన వాటి మీద కట్టే నాలుగు టవర్లతో ఐటీ రంగం పెరగదు, అవి లేకపోతే ఆగదు. ఇక మూడో అభ్యంతరం భద్రత. జనం వస్తే పెయింటు రాతలు, సీసా పెంకులు, తేనెటీగల దాడులు, జారిపడటాలు. ఇవన్నీ నిజమైన ప్రమాదాలే. అయితే ఎవరి పట్టింపూ లేని గుట్టలోనే ఇవి ఎక్కువ. దారి గుర్తులు, కాపలా, తేనెపట్లున్న కాలంలో మూసే కొన్ని సందులు, పిల్లలను తీసుకెళ్లే శిక్షితులైన మార్గదర్శకులు ఉంటే చాలావరకు తగ్గుతాయి.

ప్రకృతి ఉద్యానం అనగానే కంచె, గేటు, టికెట్ కౌంటర్ గుర్తుకొస్తాయి. ఆల్ప్స్ అంచున ఫ్రాన్స్‌లో 1970లో ఏర్పడిన వెర్కోర్ ప్రాంతీయ ప్రకృతి ఉద్యానం అలాంటిది కాదు. లోతైన లోయలు, సున్నపురాయి గుహలున్న చోటది. గుహలో వెయ్యి మీటర్ల లోతును ప్రపంచంలో మొదటిసారి దాటింది 1956లో అక్కడి బెర్జే గుహలోనే. అయినా ఆ ఉద్యానం లోపలే ఊళ్లున్నాయి, పాడి పశువులున్నాయి. ఎక్కడ ఏం కట్టవచ్చో, దేన్ని ముట్టకూడదో ఊళ్లన్నీ కలిసి ఒప్పందం రాసుకుంటాయి. సైబరాబాద్‌కు సరిపోయేది ఈ పద్ధతి. ఖాజాగూడ, దుర్గం చెరువు, విశ్వవిద్యాలయం ఆవరణ ఒకే ఉద్యానంలో భాగాలు కావచ్చు. మధ్యలో ఆఫీసులు, అపార్ట్‌మెంట్లు ఉంటే ఉండనీ. దర్గా, గుడి ఎప్పటిలాగే నడుస్తాయి.

దానికి ముందు కావలసింది పటం. ఏ గుండు దేని మీద ఆనింది, ఏ సందు ఎక్కడికి పోతుంది, ఎక్కడ ఊట ఉంది, ఎక్కడ తేనెపట్టుంది అన్నీ గీసిన పటం. బెలూంలో గెబావర్ బృందం అప్పట్లో చేసిన పని అదే. ఇక్కడ భారత భూగర్భ సర్వేక్షణ సంస్థ దక్షిణ ప్రాంత కార్యాలయం నగరంలోనే ఉంది. జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ ఎన్‌జీఆర్‌ఐ ఉప్పల్‌లో ఉంది, ఉస్మానియాలో భూగర్భ శాస్త్ర విభాగం ఉంది. సందుల్లో దూరగలిగిన యువతా ఉన్నారు. ఆ పటం చేతిలో ఉంటే, ఫలానా గుండును పేల్చడానికి అనుమతి అడిగిన రోజు దాని వల్ల కూలేది ఒక రాయా, ఒక గుహా అన్నది అధికారి బల్ల మీదే తేలుతుంది.