పాత నమూనా ఇంజిన్‌కు కొత్త డీకోడర్ ఎందుకు? ఎలా?

గుడివాడ–మచిలీపట్నం రైలుమార్గం ఒకప్పుడు మీటర్ గేజ్. అంటే పట్టాల మధ్య 1,000 మిల్లీమీటర్లు. దాన్ని 22.5తో భాగిస్తే సుమారు 44.4. జర్మనీలో 1968లో వచ్చిన ఎల్‌జీబీ అనే పెద్ద నమూనా రైళ్లు ఈ 22.5వ వంతు కొలతలోనే ఉంటాయి. వాటి పట్టాల మధ్య 45 మిల్లీమీటర్లు. అసలు రైలే లేని దివిసీమలోనూ పెరట్లో వీటిని నడపొచ్చు!

ఈ రైళ్ల పాత ఇంజిన్‌లో పట్టాల కరెంటు చక్రాల మీదుగా నేరుగా మోటారుకు వెళ్తుంది. వోల్టేజి పెంచితే వేగం, ప్లస్ మైనస్ తారుమారు చేస్తే వెనక్కి నడక. చిక్కేమిటంటే, ఒకే పట్టాల మీద రెండు ఇంజిన్లు పెడితే రెండూ కలిసే కదులుతాయి. వేగం తగ్గిస్తే దీపమూ మసకబారుతుంది.

డిజిటల్ పద్ధతిలో పట్టాల మీద వోల్టేజి ఎప్పుడూ నిండుగా ఉంటుంది. ఆదేశాలూ అందులోనే వస్తాయి. తరగతిలో హాజరు పిలిచినట్టే: ఇంజిన్‌లో బిగించే డీకోడర్ అనే చిన్న సర్క్యూట్ తన నంబరు వినిపిస్తేనే పలుకుతుంది. మోటారుకు కరెంటును క్షణానికి ఎన్నోసార్లు ఇస్తూ, ఆపుతూ వేగాన్ని అదుపు చేస్తుంది.

డీకోడర్‌ను బిగించేటప్పుడు అసలు జాగ్రత్త ఒకటుంది. మోటారుకు చక్రాలతో ఉన్న పాత కరెంటు లంకెలన్నీ తెంచేయాలి. ఒక్కటి మిగిలినా డీకోడర్ మాడిపోవచ్చు. పైగా పెద్ద మోటారు ఇరుక్కుంటే చాలా కరెంటు లాగుతుంది, చిన్న రైళ్ల డీకోడర్ దానికి ఆగదు. ఇంజిన్ మూత వేసేముందే ఆ లంకెలు తెగాయో లేదో మల్టీమీటర్‌తో చూసుకోవాలి.