మాస్టారి ఎర్ర కారు

హైదరాబాదులో గాని విజయవాడలో గాని 'వోల్వో' అన్న మాట చెవిని పడితే, రాత్రి ఎక్కి తెల్లవారేసరికి దిగే చల్లని పెద్ద బస్సే మనకు స్ఫురిస్తుంది. ఆ పేరు లాటిన్ భాషది. 'నేను దొర్లుతాను' అని దాని అర్థం. స్వీడన్ దేశపు గోథెన్‌బర్గ్ నగరంలో 1927లో మొదటి కారును రోడ్డు మీదికి వదలిన ఆ సంస్థ గట్టి బండ్లకు ప్రసిద్ధమే గాని, దానికి సొగసు తెలియదని లోకంలో చాలకాలం ఒక అభిప్రాయం ఉండేది. అటువంటి ఇంట 1960 ప్రాంతాన ఒక సొగసుకత్తె పుట్టినది. దాని పేరు పి 1800.

అది కూపే జాతికి చెందిన కారు. ఈ మాట మనకు కొత్తది కాదు. రైలు మొదటి తరగతిలో ఇద్దరికి మాత్రమే చోటున్న చిన్న గదిని కూపే అంటాము. 'కోసినది' అని ఫ్రెంచి భాషలో ఆ పదానికి అర్థం. నిండు బండిలో ఒక భాగం కోసివేసి, ఇద్దరికి సరిపడా మిగిల్చిన గుర్రపుబండికి మొదట ఆ పేరు వచ్చినది. తరువాత రైలు గదికీ, కారుకూ అది సంక్రమించినది. పి 1800లో ముందు రెండు ఆసనాలు సుఖమైనవి. వెనుక కూడ ఒక ఆసనం ఉన్నది గాని, అందులో పిల్లలు పట్టవచ్చును, పెట్టె పట్టవచ్చును. ఎదిగిన మనిషి మాత్రం మోకాళ్ళు గడ్డానికి ఆనించుకొని కూర్చోవలసినదే.

ఈ కారు పుట్టుక కొంత చిక్కుల కథ. అంతకు ముందు వోల్వోవారు గాజునార దేహంతో ఒక క్రీడా కారును తయారుచేసినారు. 1956లో సంస్థ అధిపతి పదవికి వచ్చిన గున్నార్ ఎంగెలావ్ ఆ బండిని స్వయంగా నడిపి చూచి, దాని తయారీని ఆపించినారు. అప్పటికి తయారైనవి 70 కూడ లేవు. అయినా అందమైన కారు ఒకటి అంగడి అద్దాల వెనుక నిలిచి ఉంటే జనం లోపలికి వచ్చి మామూలు కార్లు కొంటారన్న సంగతి ఆయనకు తెలుసును. ఆ పనికి ఇటలీ దేశపు శిల్పుల చేయి కావలెనని ఆయన కోరిక. సంస్థకు సలహాదారుగా ఉన్న హెల్మర్ పెటెర్సన్‌కు పెల్లె అనే కుమారుడు ఉన్నాడు. పాతికేళ్ళ వాడు, న్యూయార్కులోని ప్రాట్ విద్యాలయంలో చదివి, ఇటలీలో ఫ్రువా శిల్పశాలలో పని నేర్చుకొంటున్నాడు. ఇటలీ చిత్రాల నడుమ ఆ కుర్రవాని చిత్రం కూడ అధిపతి ముందుకు వచ్చినది. ఎంగెలావ్ దానినే ఎన్నుకొన్నారు. అది స్వదేశపు యువకుని పని అని తెలిసిన తరువాత ఆయనకు సంతోషం కలుగలేదు సరికదా, కోపం వచ్చినది. లోకానికి మాత్రం అది ఇటలీ సృష్టిగానే చాలకాలం చెలామణి అయినది. సుమారు అర్ధశతాబ్దం గడచిన తరువాతగాని పెల్లె పెటెర్సన్‌కు ఆ ఖ్యాతి అధికారికంగా దక్కలేదు. ఆ లోపల ఆయన చేతులు ముడుచుకొని కూర్చోలేదు. పడవల రూపకర్తగా పేరు సంపాదించి, తెరచాప పడవల పందెంలో 1964 టోక్యో ఒలింపిక్సులో కంచు పతకం, 1972లో వెండి పతకం గెలుచుకొన్నారు.

బొమ్మ సిద్ధమైనదిగాని, దానిని ఎవరు తయారుచేయవలెను? జర్మనీలోని కార్మాన్ సంస్థతో మొదట మాట జరిగినది. ఆ సంస్థకు పెద్ద ఖాతాదారైన ఫోక్స్‌వాగన్‌వారు అడ్డు చెప్పినందున అది సాగలేదు. చివరకు దేహాలు స్కాట్లండులోని లిన్‌వుడ్‌లో తయారై, ఇంగ్లండులోని వెస్ట్ బ్రామ్‌విచ్‌కు వచ్చి, అక్కడ జెన్సన్ కర్మాగారంలో కారుగా కూడేవి. ఇంజనూ, తక్కిన యంత్రభాగాలూ స్వీడన్ నుండి వచ్చేవి. మూడు చోట్ల వండిన వంటకు రుచి కుదరదు గదా! తలుపులు సరిగా పడకపోవడం, రంగు నిలువకపోవడం వంటి ఫిర్యాదులు వచ్చినవి. ఒప్పందం 10,000 కార్లకు ఉండగా 6,000 కార్ల వద్ద అది ముగిసినది. 1963లో కూర్పు పని స్వీడన్‌కు మారినది. పేరు చివర 'ఎస్' అన్న అక్షరం చేరినది. అది స్వీడన్‌కు ఆ దేశ భాషలోని పేరైన 'స్వెరియె'కు గుర్తు.

ఇంతలో అదృష్టం టెలివిజన్ రూపంలో తలుపు తట్టినది. 'ది సెయింట్' అనే ధారావాహికకు నాయకుడు నడిపే కారు ఒకటి కావలసి, నిర్మాతలు ముందుగా జాగ్వార్‌వారిని అడిగినారు, వారు కాదన్నారు. వోల్వోవారు తెల్లని పి 1800ను పంపినారు. 1962 నుండి 1969 వరకు నడిచిన ఆ కథలో నాయకుడు రోజర్ మూర్. తరువాతి కాలంలో జేమ్స్ బాండ్ వేషం వేసినవాడు ఆయనే. ఇంగ్లండులో ఎందరో పిల్లలు ఆ తెల్లని కారు బొమ్మతో ఆడుకొని పెరిగినారు. పెద్దవారై నాలుగు రాళ్ళు వెనకవేసిన తరువాత నిజమైన కారునే కొన్నవారు వారిలో ఉన్నారు.

అటువంటి యజమానుల సంఘాలు స్వీడన్, ఇంగ్లండు, అమెరికా దేశాలలో నేటికీ ఉన్నవి. వారు కలిసినప్పుడు చెప్పుకొనే ముచ్చట్లు వినదగినవి. మొదటి ముచ్చట కూర్చోవడమే. ఆసనం నేలకు దగ్గరగా ఉంటుంది; ఎదుట పొడవైన మూత, వెనుక చేపతోకవంటి రెక్కలు. లోపలికి దిగడం తేలికే గాని, బయటికి లేవడానికి వయస్సు మీరినవారికి ఒక ఉపాయం కావలెను. ఎదుటనున్న పలకమీద గడియారాల వంటి కొలమానాలు బారులు తీరి ఉంటవి. నూనె ఎంత వేడెక్కినదో చెప్పే కొలమానం కూడ అందులో ఒకటి. బండి నిలిచి ఉన్నప్పుడు చక్రం తిప్పడానికి భుజబలం కావలెను. ఒక్కసారి పెద్దబాట ఎక్కి, వేగం అందుకొని, ఓవర్‌డ్రైవ్ మీట నొక్కితే ఇంజను గొంతు ఒక్కసారిగా తగ్గి, బండి నిద్రలో నడుస్తున్నట్లు సాగిపోతుంది. ఆ క్షణం కోసమే తక్కిన కష్టాలన్నీ పడతామంటారు.

ఇక కష్టాలకు వస్తే, కార్బురేటర్లు రెండు. రెండూ ఒకే తీరున గాలి పీల్చవలెను. లేకుంటే ఇంజను కుంటుతుంది. పాతకాలపు యజమానులు రబ్బరు గొట్టం ఒక కొస చెవిలో పెట్టుకొని, రెండవ కొస ఒకదాని తరువాత ఒకటిగా కార్బురేటర్ల నోటి వద్ద ఉంచి, బుసలు సమానమయ్యేదాకా మరలు తిప్పేవారు. వైద్యుడు గుండె చప్పుడు విన్నట్లే ఆ పని. అంతకంటె పెద్ద శత్రువు తుప్పు. చలిదేశాలలో మంచు కరగడానికి రోడ్లమీద ఉప్పు చల్లుతారు. ఆ ఉప్పునీరు రెక్కలలోకీ, తలుపుల క్రింది దూలాలలోకీ చేరి ఇనుమును తినివేస్తుంది. పైన పటారం, లోన లొటారం అన్న సామెత ఈ కారు పట్ల తలక్రిందులైనది. లోన ఇంజను వజ్రం. పైన రేకు మాత్రం బిస్కట్టు. యంత్రభాగాలలో చాలవరకు అమెజాన్ అనే వోల్వో కుటుంబ కారుకు వాడినవే గనుక అవి దొరకడం కష్టం కాదు. దేహభాగాలకు మాత్రం దేశాలు వెదకవలెను.

ఆ ఇంజను బలానికి కారణం ఉన్నది. పిస్టన్ల ఎగుడుదిగుడు నడకను గుండ్రని తిరుగుడుగా మార్చే ఇరుసును అంతకు ముందరి వోల్వో ఇంజనులో మూడు చోట్ల పట్టి నిలిపేవారు. ఈ 1.8 లీటర్ల ఇంజనులో అయిదు చోట్ల నిలిపినారు. ఆధారాలు ఎక్కువైన దూలం వంగనట్లే, ఆ ఇరుసు ఎంత తిరిగినా కంపించి అరగదు. దీని నిజమైన పరీక్ష కర్మాగారంలో జరుగలేదు. ఒక బడిపంతులు చేతిలో జరిగినది.

న్యూయార్కు రాష్ట్రపు లాంగ్ ఐలండులో ఇర్వ్ గార్డన్ అనే సైన్సు ఉపాధ్యాయుడు ఉండేవారు. 1966 జూన్ నెలాఖరున ఎర్రని 1800 ఎస్ కారును 4,150 డాలర్లకు ఆయన కొన్నారు. ఉపాధ్యాయుని జీతానికి అది సామాన్యమైన సొమ్ము కాదు. కారు ఇంటికి తెచ్చిన రెండు రోజులలోనే 1,500 మైళ్ళు తిరిగి, సోమవారంనాడు మొదటి సర్వీసుకని మళ్ళీ అంగడి ముందు నిలిచినారు. ఆయన ఇంటికీ బడికీ మధ్య రానుపోను 125 మైళ్ళు. సెలవులు వస్తే దేశాటన. మొదటి పదేళ్ళలో 5 లక్షల మైళ్ళు పూర్తయినవి. 6 లక్షల 80 వేల మైళ్ళు నడిచిన తరువాతగాని ఇంజనును విప్పి కట్టించలేదు. 1987లో 10 లక్షల మైళ్ళు నిండినవి. 1998లో ఒకే యజమాని చేతిలో అత్యధిక దూరం నడిచిన వ్యాపారేతర వాహనంగా గిన్నిస్ గ్రంథానికి ఎక్కినది. 2002లో 20 లక్షల మైళ్ళు; 2013 సెప్టెంబరులో అలాస్కాలో 30 లక్షల మైళ్ళు. నడుమ కంపెనీవారు కొత్త కార్లను బహూకరించినా ఆయన మనసు ఎర్ర కారును విడువలేదు.

ఈ అంకెలు తరగతి గదిలో నల్లబల్లమీద వేసి చూడదగినవి. ఆయన 2018 నవంబరులో, 78వ ఏట, చైనా ప్రయాణంలో మరణించేనాటికి ఆ కారు 32 లక్షల 60 వేల మైళ్ళకు పైగా నడిచినది. అనగా సుమారు 52 లక్షల 46 వేల కిలోమీటర్లు. భూమధ్యరేఖ చుట్టుకొలత 40,075 కిలోమీటర్లు గనుక భూమిని 130 సార్లు చుట్టినంత దూరం. చంద్రునికి వెళ్ళి రావడానికి 7 లక్షల 69 వేల కిలోమీటర్లు అనుకొంటే, ఆరుసార్లు వెళ్ళివచ్చి ఏడవసారి తిరుగుదారిలో ఉన్నట్లు లెక్క. గంటకు 40 మైళ్ళ సగటు వేగమని ఊహించుకొంటే ఆ మాస్టారు చక్రం పట్టుకొని గడిపిన కాలం 81,500 గంటలు. రాత్రింబగళ్ళు ఆగకుండా నడిపినా తొమ్మిదేళ్ళకు పైమాట. మనిషి ఆయుర్దాయంలో అది చిన్న భాగం కాదు.

ఇందులో మంత్రం ఏమీ లేదు. కారుతో వచ్చిన పుస్తకంలో ఏది ఎప్పుడు చేయమని ఉన్నదో అది అప్పుడు చేయించినారు. నూనె మార్చవలసిన నాడు మార్చినారు. వింత చప్పుడు వినిపిస్తే, రేపు చూద్దామనలేదు. ఏడాది పొడుగునా పాఠం చదివినవానికి పరీక్ష ముందురాత్రి జాగరణ అక్కరలేదని ప్రతి ఉపాధ్యాయుడూ చెప్పేదే. గార్డన్ మాస్టారు ఆ మాటను ఒక యంత్రం విషయంలో 52 ఏళ్ళపాటు తాను ఆచరించి చూపినారు.

పాతది కాబట్టి అంతా మంచిదే అనడం న్యాయం కాదు. మూడు చోట్ల బిగించే ప్రాణరక్షక పట్టీని 1959లో మొదట కార్లలో అమర్చినది వోల్వో సంస్థే. పి 1800కు ఆ మేలు దక్కినది. అయినా గాలిసంచులు మొదలైన నేటి రక్షణలు ఆ కారులో లేవు. దాని పొగ నేటి చట్టాల ముందు నిలువదు. 1970లో పెట్రోలును కొలిచి చిమ్మే కొత్త పద్ధతి దానికి వచ్చినది. చివరిదశలో వెనుక తలుపంతా అద్దంగా ఉండే రూపమూ వచ్చినది. గాజుపెట్టెలో పడుకొన్న రాజకుమారి కథ తలచుకొని జనం దానికి 'స్నోవైట్ శవపేటిక' అని ముద్దుపేరు పెట్టినారు. అమెరికాలో నియమాలు కఠినమవుతున్న రోజులలో, 1973లో, తయారీ ఆగిపోయినది. మొత్తం తయారైనవి 47 వేల పైచిలుకు మాత్రమే.

నేడు మూడేళ్ళకు ఒక ఫోను, అయిదేళ్ళకు ఒక బండి మార్చడం గొప్పగా చెప్పుకొంటున్నారు. పాడైనదాన్ని బాగుచేయించడం కంటె కొత్తది కొనడమే చవుక అని అంగడివాడు చెబుతాడు. చాలసార్లు అది నిజమూ కావచ్చును. కాని వస్తువు ఎంతకాలం మన్నవలెనో నిర్ణయించే హక్కులో కొంత భాగం ఇంకా కొన్నవాని చేతిలోనే ఉన్నది. ఆ భాగాన్ని ఒక ఉపాధ్యాయుడు వదులుకోలేదు. బడి మానిన తరువాత కూడ రెండు దశాబ్దాలు ఆయన అదే కారులో ఊరూరా తిరిగినారు. ఎక్కడ ఆపినా పదిమంది చుట్టూ చేరి, ఇది నిజంగా అన్ని మైళ్ళు నడిచినదా అని అడిగేవారు. ఆయన విసుగు లేకుండా మూత ఎత్తి ఇంజను చూపించేవారు.