ఇంటిల్లిపాదీ దారి వెతికే ఆట

మా ఓపీలో షుగరు, బీపీ ఉన్నవారికి చీటీ రాసేటప్పుడు మందుల పేర్ల కింద తప్పకుండా ఒక మాట చేరుస్తాం: రోజూ అరగంట నడవాలి. మూడు నెలల తర్వాత వచ్చినప్పుడు మాత్రలు క్రమం తప్పకుండా వేసుకున్నామని ధైర్యంగా చెప్పేవారు కూడా నడక మాట ఎత్తేసరికి తల దించుకుంటారు. మొదటి వారం నడిచాను డాక్టరుగారూ, ఆ తర్వాత విసుగొచ్చింది అంటారు. వారిని తప్పుపట్టలేం. ఒంటరిగా, అదే రోడ్డు మీద, లారీల దుమ్ములో, గడియారం చూసుకుంటూ నడవడం ఎవరికైనా విసుగే. ఇంట్లో మిగిలినవారంతా టీవీ ముందో, ఫోను ముందో కూర్చుని ఉంటే మరీను.

పెద్దలు వారానికి కనీసం 150 నిమిషాలు ఒక మోస్తరు శ్రమ చేయాలనీ, 5 నుంచి 17 ఏళ్ల పిల్లలు రోజుకు సగటున 60 నిమిషాలు ఒళ్లు వంచి ఆడాలనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. అంటే చీటీ తాతగారి పేరున ఉన్నా మందు మాత్రం మనవడికీ అవసరమే. అందుకే ఇంట్లో అందరూ కలిసి ఆడదగిన ఒక ఆట గురించి ఈసారి రాస్తున్నాం. దాని పేరు ఓరియంటీరింగ్. పేరు కొత్తగా ఉన్నా పని సులువే. చేతిలో పటం, దిక్సూచి పట్టుకుని, ముందుగా పెట్టిన గుర్తులను ఒకదాని తర్వాత ఒకటి వెతికి పట్టుకోవడమే.

ఇది స్వీడన్, నార్వే దేశాల్లో సైనికుల శిక్షణగా మొదలైంది. 1897లో నార్వేలో మామూలు ప్రజల కోసం పోటీ పెట్టారు. స్వీడన్‌లో ఎర్నెస్ట్ కిలాండర్ అనే సైనికాధికారి, యువకులు మైదానాలకు రావడం తగ్గిందని గమనించి, 1919లో స్టాక్‌హోం దగ్గర పెద్ద పోటీ జరిపి ఈ ఆటకు ఊపిరి పోశారు. 1961లో అంతర్జాతీయ సమాఖ్య ఏర్పడింది. స్వీడన్‌లో 1965 నుంచి ఓ-రింగెన్ అనే వేసవి పండుగ జరుగుతోంది. వేలమంది కుటుంబాలతో వచ్చి గుడారాలు వేసుకుని అయిదు రోజులు ఆడతారు. చిన్నపిల్లలకొక దారి, ఎనభై దాటిన అవ్వా తాతలకొక దారి. అందరూ గెలుపు కోసమే పరుగెత్తరు, నడిచేవారూ ఉంటారు. మాకు నచ్చింది ఈ సంగతే.

మన ఊళ్లో అడవులు లేవే అనకండి. చర్చి ఆవరణ, స్కూలు మైదానం, కొబ్బరితోట ఏదైనా చాలు. ముందు పటం గీయాలి. నిజానికి ఆటలో సగం సంతోషం ఇక్కడే ఉంది. తెల్లకాగితం మీద గేటు, బావి, వేపచెట్టు, ప్రహరీ, నీళ్ల ట్యాంకు ఎక్కడెక్కడ ఉన్నాయో పిల్లలను గీయమనండి. దూరం కొలవడానికి టేపు అక్కర్లేదు. వంద మీటర్లకు తమకు ఎన్ని అడుగులు పడతాయో ఒక్కొక్కరూ లెక్కపెట్టుకుంటే సరిపోతుంది. నాన్నకు నూటముప్పై పడితే పాపకు రెండువందలు పడవచ్చు. ఎవరి లెక్క వారిదే. ఓరియంటీరింగ్ పటాల్లో రంగులకు వేరే భాష ఉంది. నీలం నీళ్లకు, గోధుమరంగు ఎత్తుపల్లాల గీతలకు, పసుపు ఖాళీ మైదానానికి. సులువుగా పరుగెత్తగల అడవిని తెల్లగా వదిలేస్తారు. ఆకుపచ్చ ఎంత ముదిరితే చెట్లూ పొదలూ అంత దట్టమని అర్థం. స్కూలు అట్లాసులో ఆకుపచ్చ పల్లపు నేల కదా అని పిల్లలు వాదిస్తారు, వాదించనివ్వండి.

దిక్సూచి లేకపోతే నేలలో ఒక కర్ర నిలువుగా పాతి, నీడ చివర ఒక రాయి పెట్టండి. పావుగంట ఆగి నీడ చివర మరో రాయి పెట్టండి. మొదటి రాయి పడమర, రెండోది తూర్పు. మొదటిదాని దగ్గర ఎడమకాలు, రెండోదాని దగ్గర కుడికాలు ఉంచి నిలబడితే సుమారుగా ఉత్తరం వైపు చూస్తున్నట్టే. మధ్యాహ్నం నీడ ఎప్పుడూ ఉత్తరానికే పడుతుందని చాలామంది అనుకుంటారు. మన గోదావరి జిల్లాల్లో మే మొదటి వారం దాటాక ఆగస్టు మొదటి దాకా సూర్యుడు మధ్యాహ్నం వేళ మనకు ఉత్తరంగా ఉంటాడు, నీడ దక్షిణానికి పడుతుంది. వి.బి.ఎస్. సెలవుల్లో పిల్లలకు చూపించడానికి ఇంతకంటే మంచి పాఠం లేదు.

ఫోనులో దారి చూసుకోవచ్చుగా అంటారా? ఫోను దారి చూపిస్తుంది, మెదడుకు మాత్రం పని తగ్గిస్తుంది. మనం ఎక్కడున్నామో మెదడులో కొన్ని కణాలు లెక్కగడతాయని కనుగొన్న ముగ్గురు శాస్త్రవేత్తలకు 2014లో నోబెల్ బహుమతి వచ్చింది. ఊరి వీధులన్నీ బట్టీపట్టిన లండన్ టాక్సీ డ్రైవర్ల మెదడులో, దారులు గుర్తుంచుకునే భాగంలో వెనుకవైపు పెద్దదిగా ఉందని 2000లో తేలింది. ఓరియంటీరింగ్ ఆడేవారు దారులు, చోట్లు గుర్తుంచుకోవడంలో తాము మెరుగ్గా ఉన్నామని చెప్పారని 2023లో కెనడా పరిశోధకులు ప్రచురించారు. ఆట వల్లనే అలా అయిందని దానితో రుజువు కాదు. మతిమరుపుకు ఇది మందు అని మేమూ చెప్పం.

ఇక నడవలేనివారి మాట. మోకాళ్ల నొప్పుల అమ్మమ్మ, పక్షవాతం నుంచి కోలుకుంటున్న బాబాయి ఇంట్లో ఉండిపోతే అది కుటుంబపు ఆట ఎలా అవుతుంది? అసలు పోటీల్లో గుర్తుగా కట్టే గుడ్డ 30 సెంటీమీటర్ల చదరం, సగం తెలుపు, సగం నారింజ. పాత చీర ముక్కలతో ఆ జెండాలు కుట్టే పని అమ్మమ్మది. ప్రతి జెండా దగ్గర ఒక లేసు పువ్వు వేలాడదీయండి, పిల్లలు తలా ఒకటి తెచ్చి ఆమె ఒడిలో పోయాలి. చెయ్యి పట్టు తప్పినవారు ఫిజియోథెరపిస్టును అడిగి, లావు దారంతో, పెద్ద పూసలతో మొదలుపెట్టవచ్చు. యొప్పేలో దొర్కా కుట్టిన అంగీలను విధవరాండ్రు కన్నీళ్లతో చూపించిన సంగతి మన సంఘాల్లో తెలియనిదెవరికి?

లేసు మాట వచ్చింది కనుక ఒకటి చెప్పాలి. నర్సాపురం ప్రాంతంలో క్రోషియా అల్లిక 19వ శతాబ్దంలో మిషనరీల ద్వారా వచ్చింది. 2024లో దానికి భౌగోళిక గుర్తింపు దక్కింది. కానీ 1982లో మరియా మీస్ అనే పరిశోధకురాలు ఈ అల్లిక చేసే స్త్రీల గురించి పుస్తకం రాస్తూ, దీన్ని ఇల్లాళ్ల కాలక్షేపంగా లెక్కకట్టడం వల్లనే వారి కూలి అంత తక్కువగా ఉండిపోయిందని చూపించారు. మా ఓపీకి వచ్చే అల్లిక తల్లుల మెడనొప్పి, కళ్లమంట చూస్తే ఆ మాట నిజమనిపిస్తుంది. పగలంతా కూలికి అల్లినవారికి సాయంత్రం మళ్లీ అల్లండి అనకండి. వారి చేతికి పటం ఇచ్చి, సూది పిల్లలకివ్వండి. అల్లేవారెవరైనా మంచి వెలుతురులో కూర్చుని, అరగంటకొకసారి లేచి, కాసేపు దూరంగా చూడాలి.

ఆడే వేళ ఎండ తగ్గాక, చీకటి పడకముందు. గడ్డి దట్టంగా ఉన్నచోట పాములుంటాయి, అక్కడ జెండా కట్టవద్దు. కాలువ గట్టునా, నేలబావి పక్కనా అసలే వద్దు. ఇన్సులిన్ తీసుకునేవారు, షుగరు మాత్రలు వేసుకునేవారు ఖాళీ కడుపుతో బయలుదేరకూడదు. జేబులో గ్లూకోజు పొడి గానీ, పంచదార పొట్లం గానీ ఉంచుకోవాలి. చెమటలు పట్టి వణుకు, తల తేలిపోయినట్టు అనిపిస్తే వెంటనే కూర్చుని తినాలి. గుండె నొప్పిగానీ, ఆయాసంగానీ వస్తే ఆట ఆపి ఆసుపత్రికి రండి, గుర్తులు ఎన్ని మిగిలినా సరే.

షుగరు ఉన్నవారు వట్టికాళ్లతో మైదానంలోకి దిగవద్దు. మడమ పట్టీ ఉన్న మెత్తటి చెప్పులు గానీ, బూట్లు గానీ వేసుకోవాలి, వేసుకునే ముందు లోపల రాయో మేకో ఉందేమో చేత్తో తడిమి చూడాలి. స్పర్శ తగ్గిన పాదానికి ముల్లు గుచ్చుకున్నా తెలియదు. అలా తెలియని పుండుతో ఆలస్యంగా వచ్చి వేలు పోగొట్టుకున్నవారిని మేము చూస్తూనే ఉన్నాం. ఇంటికి రాగానే కాళ్లు కడిగి, వేళ్ల సందులు తడి లేకుండా తుడిచి, అరికాలు చూసుకోండి. వంగలేకపోతే నేలమీద అద్దం పెట్టుకోండి, లేదా అంతసేపూ పటం చదివిన మనవరాలినే చూడమనండి. దాని కళ్లు మనకంటే చురుకు.