పాత శత్రువే మెదడుకు కాపలా

చర్మంలోనో పేగులోనో వైరస్ సోకిన కణాన్ని శరీరం చంపేయగలదు. దాని చోట కొత్తది పుడుతుంది. మెదడులో ఆ వీలు లేదు. పోయిన నాడీకణం చాలావరకు పోయినట్టే. అందుకే అక్కడ కణాన్ని బతికిస్తూనే వైరస్‌ను అణచాలి.

ఉడుతలో వైరస్ ముక్క

1885లో జర్మనీలోని బోర్నా పట్టణంలో అశ్వికదళం గుర్రాలు మెదడువాపుతో రాలిపోయాయి. ఆ జబ్బు తెచ్చే వైరస్‌కు ఆ ఊరి పేరే స్థిరపడింది. ఇది నాడీకణాన్ని చంపకుండా దాని కేంద్రకంలోనే కాపురం పెడుతుంది. 2010లో జపాన్ శాస్త్రవేత్తల బృందం ఒక వింత బయటపెట్టింది: ఈ వైరస్‌కు పూర్వికులైన వాటి జన్యు ముక్కలు మనిషిలోనూ, ఉత్తర అమెరికా గడ్డిమైదానాల్లో తిరిగే పదమూడు చారల నేల ఉడుతలోనూ ఉన్నాయి. కణం డీఎన్‌ఏలో తనంతట తానే చేరిపోయే రెట్రోవైరస్ కాని, వేరే ఆర్‌ఎన్‌ఏ వైరస్ ఆనవాళ్ళు క్షీరదాల జన్యు పదార్థంలో దొరకడం అదే మొదటిసారి. మనలోని ముక్కల వయసు సుమారు 4 కోట్ల ఏళ్ళు. ఉడుతలోనిది అంతకంటే చాలా కొత్తది, పదును తగ్గనిది.

ఎంత పదునో 2014లో తేలింది. ఉడుతలోని ఆ ముక్క చేసే ప్రొటీన్‌ను ప్రయోగశాలలో పెంచిన కణాల్లో ఉంచితే బోర్నా వైరస్ పెరుగుదల తగ్గిపోయింది. ఆ ప్రొటీన్ వైరస్ సొంత ప్రొటీన్‌ను పోలి ఉంటుంది. వైరస్ తన నకళ్ళు తీసుకునే చోటికే చేరి ఆ పనికి అడ్డుపడుతుంది. ముల్లును ముల్లుతో తీయడమంటే ఇదే. ఉడుత మెదడులోనూ ఇలాగే జరుగుతుందా అన్నది ఆ ప్రయోగం చెప్పదు. అయినా ఇంతకంటే అందమైన ప్రతీకారం నాకు కనబడలేదు.

అతి దగ్గరి దారి, గట్టి గేటు

వైరస్‌కు బయటినుంచి మెదడులోకి అతి దగ్గరి దారి ముక్కు. వాసన నరాలు నేరుగా లోపలికే వెళతాయి. ఎలుకల ముక్కులో ఒక రకం వైరస్‌ను వేసి చూస్తే, అది వాసనలను అందుకునే మెదడు కొసన ఆగిపోయింది. ఆపింది ఇంటర్‌ఫెరాన్ అనే హెచ్చరిక సంకేతం. 1957లో లండన్‌లో కోడిగుడ్డు పొరలతో చేసిన ప్రయోగంలో దొరికిన పదార్థమిది. ఆ సంకేతాన్ని అందుకోలేని నాడీకణాలున్న ఎలుకల్లో మాత్రం వైరస్ మెదడంతా పాకి ప్రాణం తీసింది.

చంపకుండా గెలుపు

1952లో ఈజిప్టులోని సింద్‌బిస్ గ్రామంలో దొరికిన వైరస్‌తో ఎలుకలపై చేసిన ప్రయోగాలు 1991లో వెలువడ్డాయి. యాంటీబాడీలు నాడీకణాలను బలి ఇవ్వకుండా వైరస్‌ను తగ్గించేశాయి. వైరస్ ఆర్‌ఎన్‌ఏ కొంత మాత్రం మెదడులోనే చాలాకాలం మిగిలిపోతుంది. దానికి కాపలాగా, యాంటీబాడీలు తయారుచేసే కణాలూ అక్కడే మకాం వేసి ఉంటాయి.