మద్రాసు శాసనసభలో రెండు పీఠములు: 1952 ఎన్నికయు, తమిళదేశపు తెలుగువారును

శాసనసభలో రెండు పీఠములు గలవు. ఒకటి సభానాయకునిది, అనగా ముఖ్యమంత్రిది. రెండవది సభాధ్యక్షునిది, అనగా స్పీకరుది. ఎన్నికల దినములలో జనుల దృష్టి యంతయు మొదటి పీఠముమీదనే నిలుచును. రెండవది యెవరికి దక్కినదో పత్రికలో ఒక మూల చదివి మరచుట వాడుక. తమిళదేశమున తరతరములుగా నివసించుచున్న తెలుగువారికి ఈ రెండింటిలో ఏది యెక్కువ అక్కరకు వచ్చునో తెలియవలెనన్నచో, 1952 నాటి మద్రాసు రాష్ట్రపు ఎన్నికను, దాని ముందువెనుకలను పరిశీలింపవలయును.

ఉమ్మడి మద్రాసు రాష్ట్రమున తమిళులు, ఆంధ్రులు, మలయాళీలు, కన్నడిగులు ఒకే సభలో కూర్చుండెడివారు. ఆ సభ అధ్యక్షపీఠము తెలుగువారికి క్రొత్త గాదు. 1919 చట్టమునుబట్టి ఏర్పడిన శాసనమండలికి 1926లో సి.వి.యస్. నరసింహరాజుగారు, 1930లో బి. రామచంద్రారెడ్డిగారు అధ్యక్షులైరి. 1937లో రెండు సభలు ఏర్పడగా, 215 స్థానములుగల దిగువసభలో కాంగ్రెసుకు 159 లభించెను. ఆ యెన్నికలో బొబ్బిలి రాజాగారిని బొబ్బిలిలోనే ఓడించిన వరాహగిరి వేంకటగిరిగారి జన్మస్థలము బరంపురము. ఆ పట్టణము అంతకు ముందటి యేడే, 1936 ఏప్రిలు 1న, ఒరిస్సాలో చేరిపోయియుండెను. సభాధ్యక్షులుగా బులుసు సాంబమూర్తిగారు, ఉపాధ్యక్షురాలుగా రుక్మిణీ లక్ష్మీపతిగారు ఎన్నికైరి. నాయకుడు తమిళుడైన రాజగోపాలాచారిగారు, అధ్యక్షుడు ఆంధ్రుడు. ఇట్టి పంపకము ఏ చట్టమునందును లేదు. కాని పలు భాషలవారు కూడిన సభలో ఈ తూకము లేనిదే బండి నడచుట కష్టము.

1946లో తూకము తలక్రిందయ్యెను. నాయకత్వమునకు కాంగ్రెసు శాసనసభ్యులలోనే పోటీ వచ్చినది. రాజగోపాలాచారిగారు నాయకులు కావలెనని గాంధీమహాత్ముని యభిమతమైనను సభ్యులు దాని నంగీకరింపలేదు. టంగుటూరి ప్రకాశం పంతులుగారికి 82 ఓట్లు, సి.యన్. ముత్తురంగ మొదలియారుగారికి 69 ఓట్లు వచ్చెను. ఇట్లు నాయకపీఠము ఆంధ్రునికి దక్కగా, అధ్యక్షపీఠము తమిళుడైన జె. శివషణ్ముగం పిళ్ళెగారికి పోయెను. పిళ్ళెగారు 1937లో మద్రాసు నగరమునకు మేయరైన మొదటి హరిజనుడు. ఉపాధ్యక్షత మరల తెలుగు మహిళ యగు అమ్మన్నరాజాగారికి లభించెను.

ప్రకాశంగారి ప్రభుత్వము ఏడాది నిండకుండగనే 1947 మార్చిలో పడిపోయెను. తమిళనాయకులు మాత్రమే కారు, ఆంధ్ర కాంగ్రెసులోని ప్రత్యర్థులును అందుకు కారకులు. ఈ చోట మన ప్రత్యేకదృష్టికి పాత్రమైన విశేష మొకటి కలదు. ప్రకాశంగారి తరువాత వచ్చిన ఓమండూరు రామస్వామి రెడ్డియారుగారు దక్షిణార్కాటు జిల్లా తిండివనము దగ్గరి గ్రామమునకు చెందిన రెడ్డికుటుంబీకులు. వారి తరువాత 1949 ఏప్రిలులో నాయకులైన పి.యస్. కుమారస్వామి రాజాగారు రామనాథపురము జిల్లా రాజపాళయమునందలి తెలుగు రాజుల సంతతివారు. అనగా, ఆంధ్రజిల్లాల నాయకుడు దిగిన తరువాత అయిదేండ్లు మద్రాసు రాష్ట్రమును నడిపినవా రిరువురును విజయనగర, నాయక రాజ్యముల కాలమునుండి దక్షిణమునకు వలసవచ్చి నిలిచిన తెలుగు కుదుళ్ళలోనివారే. రాజకీయముగా వారు తమిళనాడు కాంగ్రెసువారు. ఇంటిలో పలుకు తెలుగు. ఇరుపక్షముల ముఠాలు ఒకరినొకరు సహింపలేని వేళ నిట్టివారు అందరికిని ఆమోదయోగ్యు లగుట సహజము. ఐతే ఆ యామోదము వారి తెలుగుతనమునకు లభించిన గౌరవమని మురియుట పొరపాటు. వారిని పీఠమెక్కించినది తమిళనాడు కాంగ్రెసు బలము. భాష అడ్డు రాలేదు, అంతియే.

ఆ సామరస్యమునకు గట్టి పరీక్ష 1949లోనే వచ్చెను. ఆంధ్రరాష్ట్ర విభజన సంఘమునకు కుమారస్వామి రాజాగారే అధ్యక్షులు. మద్రాసు నగరముపై ఆంధ్రుల హక్కు విషయమున ప్రకాశంగారు ఆ సంఘములో భిన్నాభిప్రాయ పత్రమును సమర్పించిరి. ఒకే భాష మాటలాడు నిరువురు, ఒకే బల్లకు ఇరువైపుల నుండిరి. ఒకరు సర్కారు జిల్లాల తెలుగువారు, మరియొకరు రాజపాళయపు తెలుగువారు. ‘తెలుగువారు’ అను నొక్క మాటతో ఇరువురిని కట్టివేయుట ఎంత అజాగ్రత్తయో దీనివలన తెలియును.

ఇక 1952 ఎన్నిక. వయోజనులందరికి ఓటు వచ్చిన తరువాత ఇదియే మొదటిది. స్థానములు 375, నియోజకవర్గములు 309. అందు 66 ద్విసభ్య నియోజకవర్గములు. కాంగ్రెసుకు వచ్చినవి 152 మాత్రమే. కమ్యూనిస్టులు 62, ప్రకాశంగారి కిసాన్ మజ్దూర్ ప్రజాపక్షము 35, తమిళనాడు టాయిలర్స్ పక్షము 19, ఆచార్య రంగాగారి కృషికార్ లోక్ పక్షము 15, సోషలిస్టులు 13, కామన్‌వీల్ పక్షము 6, ముస్లింలీగు 5, స్వతంత్రులు 62. తక్కిన ఆరు స్థానములు చిన్న పక్షములవి. ఆంధ్రజిల్లాలలో 140కి పైగా స్థానములుండగా కాంగ్రెసు గెలిచినవి 43. ముఖ్యమంత్రి కుమారస్వామి రాజాగారు శ్రీవిల్లిపుత్తూరులో ఓడిరి. బెజవాడ గోపాలరెడ్డి, కళా వెంకటరావు, భక్తవత్సలం మొదలగు మంత్రులకును అదే గతి పట్టెను. రాజపాళయము శ్రీవిల్లిపుత్తూరునకు కూతవేటు దూరమే. సొంత గడ్డమీదనే ముఖ్యమంత్రి నిలువలేకపోయెనన్నమాట.

సగమునకు మించుటకు 188 మంది కావలెను. కాంగ్రెసుకు 36 మంది తక్కువ. ప్రకాశంగారు కమ్యూనిస్టులను, తదితరులను కూర్చి ఐక్య ప్రజాస్వామ్య కూటమి నేర్పరచి, తమ వెనుక 166 మంది కలరని గవర్నరుకు తెలిపిరి. కూటమి సంఖ్య కాంగ్రెసు సంఖ్యకన్న పెద్దదే, కాని అదియును సగము కాదు. పైగా ఎన్నికలకు ముందు ఆ కూటమి లేదు. గవర్నరు శ్రీప్రకాశగారు విడిగా పెద్దపక్షమైన కాంగ్రెసునే పిలువ నిశ్చయించిరి. ఆ పక్షము ఎన్నికలలో నిలువని రాజగోపాలాచారిగారిని నాయకునిగా నెన్నుకొనెను. గవర్నరు ఆయనను ఎగువసభకు నామినేటు చేయగా, 1952 ఏప్రిలు 10న ఆయన ముఖ్యమంత్రి యయ్యెను.

ఇది న్యాయమా యను ప్రశ్న నేటికిని తెగలేదు. రాజ్యాంగము 171వ అధికరణము సాహిత్యము, శాస్త్రము, కళ, సహకారోద్యమము, సంఘసేవలయందు అనుభవముగలవారిని నామినేటు చేయుటకు గవర్నరుకు అధికార మిచ్చినది. రాజాజీ రచయిత కారని ఎవరనగలరు? కాని ఆ ద్వారము ముఖ్యమంత్రులను లోపలికి తెచ్చుటకై తెరచినది గాదనుటయు నిజమే. కమ్యూనిస్టు నాయకుడు పి. రామమూర్తిగారు ఉన్నతన్యాయస్థానము నాశ్రయించిరి; ప్రధానన్యాయమూర్తి పి.వి. రాజమన్నారుగారు, వెంకటరామయ్యరుగారు ఆ యర్జీని త్రోసివేసిరి. రాజమన్నారుగారు మద్రాసునందు స్థిరపడిన తెలుగువారు, తెలుగు నాటకకర్త. ఎవరిని ముందు పిలువవలెనను విషయమున 1988లో వెలువడిన సర్కారియా సంఘ నివేదిక వరుస నేర్పరచినది: ఎన్నికలకు ముందే కూడిన కూటమి, తరువాత ఇతరుల మద్దతుగల పెద్దపక్షము, ఆ తరువాతనే ఎన్నికల వెనుక కూడిన కూటమి. 1994లో బొమ్మై వ్యాజ్యమున సర్వోన్నత న్యాయస్థానము బలము తేలవలసిన చోటు గవర్నరు గది గాక సభాస్థలమేనని తీర్పు చెప్పెను. 1952లో ఈ కొలబద్దలు లేవు.

సభలో మొదటి బలపరీక్ష విశ్వాసతీర్మానము గాదు, అధ్యక్షుని యెన్నిక. దీనికి కారణము సులభము. 180వ అధికరణమునుబట్టి గవర్నరు నియమించిన తాత్కాలికాధ్యక్షుని యెదుట సభ్యులు ప్రమాణము చేయుదురు. వెంటనే 178వ అధికరణమునుబట్టి తమలో నొకరిని అధ్యక్షునిగా, మరియొకరిని ఉపాధ్యక్షునిగా ఎన్నుకొందురు. అధ్యక్షుడు లేక ఏ తీర్మానమునైనను నడుపుట కుదరదు. కావున ఎవరి వెనుక నెందరున్నారో మొట్టమొదట ఇచ్చటనే బయటపడును. 1952 మే 6న శివషణ్ముగం పిళ్ళెగారు మరల నిలిచిరి. ప్రతిపక్షముల తరపున స్వయంప్రకాశంగారు పోటీచేసిరి. పిళ్ళెగారికి 200కు పైగా ఓట్లు వచ్చెను. 152 మందిగల పక్షపు అభ్యర్థికి ఇన్ని యోట్లు ఎట్లు వచ్చినవి? అప్పటికే కామన్‌వీల్ పక్షము, ముస్లింలీగు, అనేక స్వతంత్రులు రాజాజీవైపు ఒరిగియుండిరి. కామన్‌వీల్ నాయకుడు మాణిక్యవేలు నాయకరుగారు మంత్రియు నైరి. కృషికార్ లోక్ పక్షము మద్దతును లభించెను. జూలై 3న విశ్వాసతీర్మానము 200–151తో నెగ్గినది గాని, దాని ఫలితము మే నెలలోనే తెలిసిపోయినది.

ఇచ్చట నొక లెక్క గుర్తుంచుకొనవలెను. అధ్యక్షపీఠ మెక్కినవాడు మొదట ఓటు వేయరాదు. ఇరువైపుల ఓట్లు సమానమైనపుడు మాత్రమే వేయవలెనని 189వ అధికరణము. అనగా తనవానిని పీఠమెక్కించిన పక్షము ఒక ఓటు కోల్పోవును. పెద్ద ఆధిక్యమున్నపుడు దీనిని ఎవరును లెక్కింపరు. ఆంధ్రరాష్ట్రమున 1954 నవంబరులో ప్రకాశంగారి ప్రభుత్వము ఒక్క ఓటు తేడాతో కూలినపుడు ఆ ఒక్కటి యెంతటిదో అందరికి తెలిసివచ్చెను.

రాజాజీ ప్రభుత్వము నిలిచెను గాని ఉమ్మడి రాష్ట్రము నిలువలేదు. 1952 అక్టోబరు 19న పొట్టి శ్రీరాములుగారు మద్రాసులో నిరాహారదీక్ష ఆరంభించినది మాజీ సభాధ్యక్షులు బులుసు సాంబమూర్తిగారి యింటిలోనే. డిసెంబరు 15 రాత్రి ఆ యింటనే వారు ప్రాణము విడిచిరి. ఒకనాడు నాలుగు భాషలవారి సభకు అధ్యక్షత వహించిన వ్యక్తి గడపలో ఆ సభ చీలికకు నిర్ణయము జరిగినది. 1953 అక్టోబరు 1న 140 మంది సభ్యులు ఆంధ్రసభకు తరలిరి. బళ్ళారి ప్రాంతపు సభ్యులు మైసూరుకు పోయిరి. మద్రాసు సభలో ఎన్నికైన సభ్యులు 230 మంది మిగిలిరి.

కోయంబత్తూరు, మదుర, తిరునెల్వేలి, సేలము, ఉత్తరార్కాటు జిల్లాల తెలుగువారు ఎచ్చటికిని తరలలేదు. వారికి ప్రత్యేక నియోజకవర్గములు లేవు. రాజ్యాంగము భాషాల్పసంఖ్యాకులకు స్థానములు కేటాయింపలేదు. ఉమ్మడిసభలో సుమారు ఐదింట రెండువంతులుగా నున్న ఆంధ్రసభ్యులు పోయిన తరువాత, తెలుగు మాట సభలో వినబడుటకు సంఖ్యాబల మిక లేదు. 1954 మార్చిలో రాజాజీ తప్పుకొనగా జరిగిన నాయకత్వపు పోటీలో కామరాజుగారికి 93, సి. సుబ్రహ్మణ్యంగారికి 41 ఓట్లు వచ్చెను. అది పూర్తిగా తమిళనాడు కాంగ్రెసు లోపలి పోటీ. 1947లోను 1949లోను వలె తమిళాంధ్రముల నడుమ మధ్యస్థుని వెదకవలసిన పని యిక లేకపోయెను. కుమారస్వామి రాజాగారు ఆ యేడే ఒరిస్సాకు గవర్నరుగా వెళ్ళిరి.

నాయకపీఠము ఇట్లు దూరమైన తరువాత తెలుగువారికి మిగిలిన రక్షణ రెండవ పీఠమున నున్నది. 210వ అధికరణమునుబట్టి రాష్ట్రసభ వ్యవహారము రాష్ట్రభాషలో, హిందీలో, లేదా ఇంగ్లీషులో జరుగవలెను. ఐతే ఆ భాషలలో తన యభిప్రాయమును చక్కగా వెల్లడింపలేని సభ్యునికి మాతృభాషలో ప్రసంగించుటకు అనుమతి నొసగు నధికారము సభాధ్యక్షునిది. ముఖ్యమంత్రిది గాదు, మంత్రివర్గముది గాదు. హోసూరునుండి గాని, తిరుత్తణినుండి గాని ఎన్నికైన సభ్యుడు తెలుగున నోరు విప్పవలెనన్నచో చేయి చాచవలసినది అధ్యక్షుని వైపే. అతనిని తొలగించుటయు తేలిక గాదు: పదునాలుగు దినముల ముందు నోటీసు, అప్పటి సభ్యులందరిలో సగమునకు మించిన ఆమోదము 179వ అధికరణమునుబట్టి అవసరము. మంత్రివర్గమునకు అంతటి స్థిరత్వము లేదు.

పుదుచ్చేరిలో ఈ పీఠము తెలుగువానికి స్వయముగానే లభించినది. అక్కడి శాసనసభలో ఎన్నికైన సభ్యులు 30 మంది; అందు యానాము ప్రతినిధి ఒక్కడే. 1965 అధికారభాషాచట్టము తమిళమును అధికారభాషగా చేసి, యానామున తెలుగు వాడుకకు చోటిచ్చినది. ఆ యొక్క స్థానమునుండి పలుమార్లు గెలిచిన కామిశెట్టి పరశురామ వరప్రసాదరావు నాయుడుగారు 1985లో ఆ సభకు స్పీకరై, 1989 వరకు ఆ పీఠముననే యుండిరి.